గ్లాండు తాతాజీ

పుట్టిన ఇరవై ఒకటో రోజునే తాతాజీ అయిపోయాడు గానీ, తండ్రి కావడం మాత్రం అతనికి ముప్పై ఆరేళ్ళు వచ్చినా కుదరలేదు. ఇందులో తల్లి లోవలక్ష్మి తప్పేమీ లేదు. పోయిన మావగారి మీద భక్తి కొద్దీ ఆ పేరు పెట్టుకుంది. ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి మాత్రం అది భలేగా పనికొచ్చింది. "తాతవైతే అయ్యావు, మధ్యలో తండ్రి మెట్టు దాటేశావేంట్రా?" అని టీ కొట్టు దగ్గర అడగనివాడు పాపాత్ముడు.

ధవళేశ్వరం నుంచి దిగే కాలవ గట్టు మీద మురళీకృష్ణగారికి చేపపిల్లల హేచరీ ఉంది. అందులో తాతాజీ సూది మేస్త్రి. చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె ఎంత తిన్నా, ఎంత బలిసినా నిలవనీళ్ళలో గుడ్లు పెట్టవు. వాటికి ఏటి వరద కావాలి. వరద లేనిచోట సూది కావాలి. తాతాజీ తండ్రి గోదావరి మీద వలేసి బతికాడు. "మా నాన్న చేపల్ని చంపాడు, నేను పుట్టిస్తున్నాను. వంశం మీదున్న బాకీ నేను తీరుస్తున్నానండి" అని చెప్పుకునేవాడు.

ఆ సూదిలో అతను వేసే మందు కూడా సొంత తయారీయే. చేపల బజారుకు వెళ్ళి, కోసేవాళ్ళ దగ్గర తలకాయలు ఏరుకుని, నుదుటి ఎముక చీల్చేవాడు. మెదడు కింద ఆవగింజ కన్నా కాస్త పెద్దగా ఉండే గ్రంథిని పట్టకారుతో పైకి తీసి స్పిరిట్ సీసాలో వేసేవాడు. హేచరీ భాషలో దాని పేరు గ్లాండు. కావలసినప్పుడు దాన్ని నూరి, నీళ్ళలో కలిపి, వడగట్టి తల్లిచేప తోక దగ్గర కండలోకి ఎక్కించేవాడు. మొదటి డోసు వేసి ఆరు గంటలు ఆగి రెండో డోసు. చేప బరువు చూసి, పొట్ట మెత్తదనం చూసి, ఆ పూట ఆకాశంలో మబ్బు కూడా చూసి డోసు కట్టేవాడు. మబ్బుకీ డోసుకీ సంబంధం ఏంటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. అందుకే అడగలేదు. ఊళ్ళో అతన్ని గ్లాండు తాతాజీ అనేవారు.

అలాంటివాడి నోట్లో కంపెనీవాళ్ళు మట్టి కొట్టారు. రెడీమేడ్ ఆంప్యూళ్ళు వచ్చేశాయి. తలకాయలు కోయక్కర్లేదు, నూరక్కర్లేదు, రెండో డోసు కోసం కాపలా కాయక్కర్లేదు. సీసా మీద రాసింది చదవగలిగినవాడెవడైనా ఒక్క సూదితో పని కానిచ్చేయొచ్చు.

"ఎవడైనా వేయగలిగితే అది సూది ఎలా అవుతుందండి?" అనేవాడు తాతాజీ. "గ్లాండంటే ఏంటి? చేపకి కావలసిన సరుకు మనం తెచ్చి చేతిలో పెడతాం. ఈ ఆంప్యూలేం చేస్తుంది? చేప తలలో ఉన్న గ్లాండునే గిల్లి, 'నువ్వే చేసుకోవే' అంటుంది. ఎవరి పని వాళ్ళ చేతే చేయించి మనం జీతం తీసుకోవడం ఏంటండి, గవర్నమెంటాఫీసులాగ?"

మురళీకృష్ణగారు నవ్వేసి, పది తొట్ల చేపలకి ఆంప్యూళ్ళు వేయించి, పాత మనిషి మనసు నొప్పించడం ఇష్టంలేక రెండు తొట్లు మాత్రం గ్లాండుకి వదిలేశారు.

తాతాజీ భార్య సత్యశ్రీ ధవళేశ్వరంలో మందుల షాపులో పనిచేస్తుంది. పెళ్ళై ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఆమె తాగని కషాయం లేదు. లోవలక్ష్మి ఆమెను పిఠాపురం పురుహూతికమ్మ దగ్గరికి శుక్రవారాలన్నీ తిప్పింది. ఆడబడుచులు ఫోన్లో పథ్యాలు చెప్పారు. తాతాజీ మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు. "దేనికైనా టైం రావాలి." చేపల విషయంలో టైం కోసం ఒక్క పూట కూడా ఆగని మనిషి, ఇంట్లో ఏడేళ్ళు ఆగాడు.

ఒకరోజు సత్యశ్రీ తనంతట తనే వెళ్ళి స్కానింగ్ చేయించుకుంది. పీసీఓడీ, అంటే గుడ్లు సరిగ్గా విడుదల కాని ఇబ్బంది అన్నారు. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ చెప్పింది. "సోమవారం రాజమండ్రి వెళ్తున్నామండి. సంతాన కేంద్రంలో అపాయింట్‌మెంటు తీసుకున్నాను. మీరూ వస్తున్నారు."

"సోమవారం నాకు చేపలున్నాయి."

"చేపలు మంగళవారం కూడా ఉంటాయి."

రాజమండ్రిలో ఆ కేంద్రం గోడల నిండా పసిపిల్లల బొమ్మలే. ఒక్క పిల్లయినా గోదావరికి దరిదాపుల్లో పుట్టినట్టు లేదు. అందరికీ నీలికళ్ళు, బంగారు రంగు జుట్టు. తాతాజీ వాటిని చాలాసేపు చూసి, "ఇక్కడ ఈ రకమే దొరుకుతుందంటావా? మా అమ్మకి ఏం చెప్పుకుంటాం?" అని భార్య చెవిలో గొణిగాడు.

కౌంటరు దగ్గర తబిత అనే నర్సు కార్డు రాస్తోంది. "భర్త పేరండి?"

"తాతాజీ."

"తాతగారి పేరు కాదండి, మీ పేరు."

"నా పేరేనండి."

తబిత ఒక క్షణం పెన్ను ఆపి, ఎందుకైనా మంచిదని ఆధార్ కార్డు అడిగింది.

డాక్టరు ఉషారాణి గారు మాట తక్కువ మనిషి. సత్యశ్రీ కాగితాలన్నీ తిరగేసి, తాతాజీ వైపు చూసి, "మీ టెస్టు రిపోర్టు ఏదండి?" అంది.

"నాకెందుకండి టెస్టు?" అన్నాడు తాతాజీ. కుర్చీలో కాస్త వెనక్కి కూడా జరిగాడు. "మా నాన్నకి ఏడుగురం. మా పెదనాన్నకి తొమ్మండుగురు. మా ఇంట్లో అలాంటి లోపాలు లేవండి. ఏదైనా ఉంటే ఈవిడ వైపు..."

సత్యశ్రీ గొంతు పెంచలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. "తొట్టిలో వదిలే ముందు మగచేప పొట్ట నొక్కి, పాలొస్తున్నాయో లేదో చూడరా మీరు?"

"చూస్తానండి" అన్నాడు తాతాజీ. జీవితంలో మొదటిసారి పెళ్ళాన్ని 'అండి' అన్నాడు. ఫైలు పట్టుకుని లోపలికొచ్చిన తబిత గోడ వైపు తిరిగి గట్టిగా దగ్గింది. డాక్టరు ఏమీ అనకుండా ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా బల్ల మీద పెట్టింది.

వారానికి రిపోర్టు వచ్చింది. వీర్యకణాల కౌంటు తక్కువ, కదలిక ఇంకా తక్కువ. మందులతో కొంత మెరుగవుతుందనీ, దీనికీ దారులున్నాయనీ, ఐవీఎఫ్‌కి వెళ్ళడం మంచిదనీ డాక్టరు చెప్పింది. తాతాజీకి సగమే వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఏటిగట్టు మీద బండి ఎంత నెమ్మదిగా నడిపాడంటే, గడ్డిమోపుల సైకిళ్ళు కూడా దాటిపోయాయి. ఏడేళ్ళ కషాయాలు, శుక్రవారాలు, ఆడబడుచుల ఫోన్లు వరసగా గుర్తొచ్చాయి. వెనక కూర్చున్న మనిషి ఒక్క మాట అన్నా బాగుండుననిపించింది.

గుమ్మంలోనే లోవలక్ష్మి ఎదురైంది. "ఏమన్నారే? ఎవరిలో ఉందంట?"

తాతాజీ గొంతు సవరించుకునేలోపే సత్యశ్రీ చెప్పులు విప్పుతూ, "ఇద్దరికీ మందులు రాశారత్తయ్యా" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి తాతాజీ సరిగ్గా అన్నం తినలేదు. మర్నాడు టీ కొట్టు దగ్గర మాత్రం, "నా రిపోర్టు చూసి డాక్టరుగారే ఆశ్చర్యపోయారండి" అన్నాడు. అందులో అబద్ధం ఉందని ఎవరూ నిరూపించలేరు.

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలారు. హేచరీలో సీజను మొదలైంది. ఇంట్లోనూ సీజనే. సత్యశ్రీకి రోజూ పొట్ట మీద హార్మోన్ ఇంజెక్షన్లు. షాపులో ఫ్రిజ్ ఉంది కాబట్టి అక్కడే తనే వేసుకుని, తర్వాత కౌంటరు మీద కూర్చునేది. పదో రోజు స్కానింగ్‌లో గుడ్ల సంచులు రెండు వైపులా కలిపి ఇరవై రెండు కనిపించాయి.

ఇరవై రెండు! తాతాజీ ఆ అంకెను హేచరీ అంతా ఊరేగించాడు. మురళీకృష్ణగారు కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టారు.

"ఇప్పుడు చివరి సూది వేస్తారొరే. అదే అసలుది. మండపేట రైసు మిల్లువాళ్ళింట్లో ఇచ్చిన మా మేనకోడలికి డబుల్ వేశారు. కవలలు. నువ్వూ డబులే అడుగు. రైసు మిల్లువాళ్ళకి ఒక సూది, మనకో సూదీ ఏంటి?"

"ఆయ్. అడుగుతానండి."

లోవలక్ష్మి కూడా డబులుకే ఓటు వేసింది. ఆవిడ లెక్క తేలిక. ఒక సూదికి ఒకరు, రెండు సూదులకి ఇద్దరు.

తాతాజీ మనసులో మాత్రం ఇంకో లెక్క ఉంది. చివరి సూది గ్లాండులాంటిది అయుండాలి. బలంగా, సూటిగా పనిచేసేది. ఆ విషయం డాక్టరుకి విడమరిచి చెప్పడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

"ఇందులో మూడు పద్ధతులున్నాయండి" అంది ఉషారాణి గారు. "గుడ్లు పెరిగాయి, ఇంకా పండలేదు. పండడానికి ఈ సూది వేసి, సుమారు ముప్పై ఆరు గంటలకి గుడ్లు బయటికి తీస్తాం. ఎక్కువగా వేసేది హెచ్‌సీజీ. గట్టిగా పనిచేస్తుంది, వారం రోజుల దాకా ఒంట్లో ఉంటుంది. రెండోది అగోనిస్ట్ అంటాం. అది మెదడు కింద ఉన్న గ్రంథిని కదిలిస్తుంది. కావలసిన హార్మోనుని ఆవిడ ఒళ్ళే వదులుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో దాని పని అయిపోతుంది. మూడోది రెండూ కలిపి వేయడం. గుడ్లు సరిగ్గా పండని కొంతమందికి అది అవసరమవుతుంది. సత్యశ్రీకి రెండోదే వేద్దామనుకుంటున్నాను."

తాతాజీకి చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది. తలలో ఉన్న గ్లాండుని గిల్లేది. ఆంప్యూలు! తన రెండు తొట్లు తప్ప అన్నీ మింగేసిన శత్రువు, ఇక్కడ డాక్టరు బల్ల మీద కూడా కూర్చుని ఉంది.

"అది మా రెడీమేడ్ సూదేనండి మేడమ్ గారు! వద్దండి. హెచ్‌సీజీ వేయండి. అది మా గ్లాండులాంటిది, సరుకు నేరుగా వెళ్ళిపోద్ది. కావాలంటే డోసు కాస్త పెంచండి. ఈవిడ బరువు యాభై ఎనిమిది కేజీలండి. కేజీకి ఎంత చొప్పున వేస్తారు మీరు?"

"ఏవండీ!" అంది సత్యశ్రీ.

డాక్టరు చెయ్యెత్తి ఆపింది. "ఆగమ్మా. మీరు ఏం పనిచేస్తారండి?"

అంతే. తాతాజీ పది నిమిషాలు చెప్పాడు. తలకాయలు, స్పిరిట్ సీసా, మొదటి డోసు, రెండో డోసు, మబ్బు. బయట ఎనిమిది జంటలు ఎదురుచూస్తున్నాయి. తబిత రెండుసార్లు తలుపు తీసి మూసింది. ఉషారాణి గారు మాత్రం చెంపన చెయ్యి పెట్టుకుని అంతా విన్నది.

"మీరు చెప్పింది తప్పేం కాదు. రెండూ దాదాపు అదే తేడాతో పనిచేస్తాయి" అంది. తాతాజీ ఛాతీ పొంగింది. "అయితే మీకు అర్థమయ్యేలా చెప్పడం తేలిక. గుడ్లతో నిండుగా ఉన్న చేపకి మీ గ్లాండు డోసు ఎక్కువైతే ఏమవుతుంది?"

పొంగిన ఛాతీ అక్కడే ఆగిపోయింది.

మూడేళ్ళ కిందట ఒక శీలావతి. నాలుగు కేజీలు. రెండో డోసు తర్వాత కూడా గుడ్లు వదల్లేదు. ఆ రోజే ఆంప్యూళ్ళ కంపెనీ మనిషి వచ్చి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. వాడి ముందు గ్లాండు పరువు పోకూడదని తాతాజీ మూడో డోసు వేశాడు. దాని పొట్ట డప్పులా బిగిసింది. గుడ్లు వదల్లేదు, బతకనూ లేదు. తెల్లారేసరికి పక్కకి ఒరిగి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కాలవ నీళ్ళు పాడయ్యాయని తాతాజీ ఓనరుకి చెప్పాడు. పాపం మురళీకృష్ణగారు ఆ మాట నమ్మి, నీటిపారుదల ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు కూడా రాసిచ్చి వచ్చారు.

"పొట్ట ఉబ్బుద్దండి" అన్నాడు తాతాజీ.

"తర్వాత?"

"తర్వాత... తేలిపోద్దండి."

సత్యశ్రీ మొగుడి మొహం వైపు చూసింది. కాలవ నీళ్ళ సంగతి ఆమెకి ఎప్పుడూ తెలియదు. ఇప్పుడు మాత్రం ఏదో తెలిసినట్టే ఉంది.

"మనుషుల్ని అంతదాకా రానివ్వం" అంది డాక్టరు. "కానీ పొట్టలో నీరు చేరుతుంది, ఊపిరాడదు, ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సి వస్తుంది. ఇన్ని సంచులున్న మనిషికి హెచ్‌సీజీ వేస్తే ఆ ప్రమాదం ఎక్కువ. కలిపి వేసినా అందులో హెచ్‌సీజీ ఉంటుంది కదా. అగోనిస్ట్‌తో బాగా తక్కువ."

తాతాజీ సత్యశ్రీ పొట్ట వైపు చూశాడు. పది రోజుల సూదులకి చీర కుచ్చిళ్ళ పైన చిన్న చిన్న నీలం మచ్చలు పడ్డాయని అతనికి తెలుసు. "ఆంప్యూలే వేయండి మేడమ్ గారు" అన్నాడు. పన్ను పీకించుకున్నవాడిలా ఉంది గొంతు.

"ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఈ నెలే పిండాన్ని లోపల పెట్టం. గడ్డకట్టించి దాచి, ఒళ్ళు కుదుటపడ్డాక పెడతాం."

ఇంట్లో ఈ మాట చెప్పగానే లోవలక్ష్మి నెత్తి కొట్టుకుంది. "ఐసులో పెడతారా? నా మనవణ్ణా? ఊళ్ళో ఐసు చేపే కొనరు కదరా!"

మర్నాడు మురళీకృష్ణగారు కూడా అడిగారు. "డబులేనా?"

"సింగిలేనండి" అన్నాడు తాతాజీ. "అదీ రెడీమేడ్."

మురళీకృష్ణగారు చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, ఇంకోసారి చెప్పమన్నారు.

సూది రాత్రి తొమ్మిదింటికి పడాలి, అటూ ఇటూ కాకూడదు అని తబిత మూడుసార్లు చెప్పి పంపింది. వేలకొద్దీ చేపలకి వేసిన చెయ్యి కదా అని తాతాజీయే వేస్తానన్నాడు. గాలి బుడగ తీశాడు, దూది అద్దాడు. పొట్ట చర్మం పట్టుకున్నాడు. సూది మొన చర్మానికి అంగుళం దూరంలో గాలిలో చిన్న చిన్న ముగ్గులు వేస్తోంది.

"చేపననుకోండి" అంది సత్యశ్రీ.

"అనుకోలేకపోతున్నాను" అన్నాడు.

టైం చూసుకుని ఆమె అతని చేతిలోంచి సిరంజి తీసుకుంది. తనే వేసుకుని, దూది నొక్కి పట్టుకుని, "నీళ్ళు తాగండి, మొహం పాలిపోయింది" అంది.

పదిహేడు గుడ్లు వచ్చాయి. పన్నెండు పండినవి. ఏడింటిలో పిండం కట్టింది. అయిదు రోజులకి నాలుగు మిగిలాయి. సత్యశ్రీ పొట్ట రెండు రోజులు కాస్త బరువుగా ఉండి దిగిపోయింది. ఏటా కోట్ల పిల్లల్ని ప్లాస్టిక్ సంచుల్లో పోసి లారీ ఎక్కించే తాతాజీకి నాలుగు అనే అంకె ఇంత పెద్దదని అప్పుడే తెలిసింది. రోజుకోసారి తబితకి ఫోను చేసి "అవి బాగున్నాయాండి?" అని అడిగేవాడు. "గడ్డకట్టి ఉన్నాయండి, ఎక్కడికీ వెళ్ళవు" అనేది ఆమె.

ఆగస్టులో మొదటిది పెట్టారు. నిలవలేదు. ఫోనులో కబురు విన్నాక సత్యశ్రీ వంటగదిలో గిన్నెలన్నీ మళ్ళీ తోమింది. లోవలక్ష్మి ఏదో అనబోయింది. "ఐసు చేపని ఆ రోజే..."

"అమ్మా" అన్నాడు తాతాజీ. "లోపం నాది. రిపోర్టు నాది బాలేదు. ఆవిణ్ణి ఏమీ అనకు."

తోముతున్న చప్పుడు ఆగింది. లోవలక్ష్మి కొడుకుని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఏడేళ్ళుగా కోడల్ని తిప్పిన గుళ్ళన్నీ లెక్కపెట్టుకుందో ఏమో, సంచీ తీసుకుని బజారుకు బయల్దేరింది. సాయంత్రం ఎవరూ అడక్కుండానే కోడలికి ఇష్టమని చింతచిగురు రొయ్యలు వండింది. క్షమాపణ అనే మాట ఆవిడకి రాదు. వంట వచ్చు.

అక్టోబరులో రెండోది పెట్టారు. అది నిలిచింది. ఆషాఢంలో ఆడపిల్ల పుట్టింది, రెండు కేజీల తొమ్మిది వందల గ్రాములు. లోవలక్ష్మి ఒళ్ళో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఐసులో పెట్టినా తాజాగానే ఉందే" అంది. పేరు దేవిశ్రీ. పురుహూతికమ్మ ఇచ్చింది కాబట్టి దేవి అని లోవలక్ష్మి, తన పేరులో సగం ఉండాలి కాబట్టి శ్రీ అని సత్యశ్రీ. తాతాజీని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదని అతనికీ తెలుసు.

ఊళ్ళో ఈ విషయం మీద వాదన ఇంకా తేలలేదు. తను చెప్పబట్టే రాజమండ్రి వెళ్ళారని మురళీకృష్ణగారంటారు. ఆయన చెప్పింది డబుల్ సూది గురించి. టీ కొట్టువాడు, "రిపోర్టు చూసి డాక్టరే ఆశ్చర్యపోయిందంట, పుట్టక ఏం చేస్తుంది?" అంటాడు.

మొన్న పొద్దున్నే మండపేట నుంచి ఒక కుర్ర జంట హేచరీ వెతుక్కుంటూ వచ్చారు. ఎవరో పంపారట. వాళ్ళ సంగతీ చివరి సూది దగ్గరే ఆగింది. ఒక ఆస్పత్రిలో ఒకటి వేస్తామన్నారు, ఇంకో ఆస్పత్రిలో రెండోది అన్నారు. ఏది మంచిదో తాతాజీగారు చెప్తారని వచ్చారు.

తాతాజీ వల పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు. ఒకప్పుడైతే వాళ్ళు బండి దిగకముందే జవాబు మొదలయ్యేది.

"అది ఒక్కొక్కరి ఒంటిని బట్టి ఉంటుందండి. మీ ఒళ్ళు చూసిన డాక్టరుగారినే అడగండి. చేపల సూదులు వేసుకునేవాణ్ణి, నాకేం తెలుసండి?" అన్నాడు.

ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. తిరిగి బండి తాళం తీశాడు.

"కాకపోతే" అన్నాడు తాతాజీ, వాళ్ళకి రెండు కుర్చీలు లాగి, "అసలు సూదంటే ఏంటో ముందు తెలుసుకోవాలి కదండీ. కూర్చోండి."

వాళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండైంది.